మనం, వాళ్ళు

కోచ్ చెన్నై వెళ్ళిపోతున్నాడని మొదట చెప్పింది
మురీ మిక్చర్ బండి గురుమూర్తి.
ఉల్లిపాయ తరుగుతూ చెప్పాడు,
అందుకే అతని కళ్ళను ఎవరూ నమ్మలేదు.

చీకటి పడేసరికి మద్దిలపాలెం ఆటోస్టాండంతా అదే మాట.
"జీతం మూడింతలంట."
"అక్కడ కోర్టుకి చెక్క నేలంట, పైన కప్పంట, ఏసీ అంట."
"అయితే మన గుంటలేటైపోవాలి?"
ఈ చివరి మాట యర్రయ్యది.
ఆరేళ్ళ కిందట ఇదే కాలేజీ గోడెక్కి
ఆడగుంటలకి బాస్కెట్‌బాలేటని
ఈల వేసినవాడు.

నేను లైబ్రరీ అటెండర్ని.
పన్నెండేళ్ళుగా స్కోరు రాసేది నేనే.
నల్లబల్ల మధ్యలో నిలువు గీత,
ఎడమ పక్క మనం, కుడి పక్క వాళ్ళు.
కాలేజీల పేర్లు వద్దన్నది ఆయనే.
"పేరు పెద్దదైతే నా పిల్లలు బెదురుతారు దాలినాయుడూ,
వాళ్ళు అని రాయి, చాలు."

మైలిపిల్లి నూకరాజు.
జాలరిపేట మనిషి. గట్టి నేల మీద నడుస్తున్నా
కాళ్ళ కింద తెప్ప ఉన్నట్టే ఒరుగుతాడు.
హుద్‌హుద్ మర్నాడు
కరెంటు లేదు, నీళ్ళు లేవు, నిలబడిన చెట్టు లేదు.
వంగిపోయిన రింగు స్తంభానికి వలతాడు కట్టి
దారిన పోయేవాళ్ళందరి చేతా లాగించాడు.
నేనూ లాగాను. అరచేయి ఒరిసింది.
ఎంత లాగినా అది
కొంచెం సముద్రం వైపే వాలి ఉండిపోయింది.
బయటి జట్లు ఆ వాలు తెలియక ఓడిపోయేవి.
మేం గోడ మీద నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ గోడ మీద ఆయన పేరుకి ఎవరో తారు పూశారు.

ఎకనామిక్స్ మాష్టారు స్కూటర్ ఆపి అన్నారు:
"మీలో ఒక్కడైనా ఎప్పుడైనా టికెట్టు కొన్నాడా?
ఆయనకీ పిల్లలున్నారయ్యా."
నిజమే. ఎవరూ మాట్లాడలేదు.
స్కూటరు మలుపు తిరిగాక
"గొంతులరిగిపోయేలా అరిసినాం కదా,
అది లెక్కలోకి రాదేటి?" అన్నాడు యర్రయ్య,
మాష్టారికి వినపడదని తెలిసే.

గురుమూర్తి మాత్రం వేరే సంగతికి కుంగిపోయాడు.
పన్నెండేళ్ళలో ఏనాడూ ఆయన ఖాతా పూర్తిగా తీరలేదు,
ఎప్పుడూ ఓ అరవయ్యో డెబ్బయ్యో మిగిలేది.
నిన్న వచ్చి పైసాతో సహా ఇచ్చేశాడట.
"బాకీ తీర్సేసినోడు మరి తిరిగి రాడు బాబూ."

ఎస్తేరు ఏమీ అనలేదు.
జట్టులో పొడుగు పిల్ల, కెప్టెన్.
ఆఖరి ప్రాక్టీసు అయ్యాక అడిగింది,
"సార్, అక్కడ రింగు తిన్నగా ఉంటదా?"
ఆయన వంగి
ముడి ఊడని బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాడు.

స్టేషనుకి ఎవరూ వెళ్ళకూడదనుకున్నాం.
జ్ఞానాపురం గేటు దగ్గర అందరం దొరికిపోయాం.
యర్రయ్య ఎవరో పాసింజర్ని దింపడానికి వచ్చాడు.
గురుమూర్తికి మరమరాల బస్తా రావాలి.
నేను, మరి నేను
టైంటేబుల్ చూడ్డానికొచ్చాను.

మా ఊళ్ళో రైలు ఇంజను మార్చుకుంటుంది.
వచ్చిన దారినే మళ్ళీ బయలుదేరుతుంది.
కొత్తవాళ్ళు కంగారుపడతారు, బండి వెనక్కి పోతోందని.
మేం ఇక్కడే పుట్టినవాళ్ళం.
అయినా ఆ పూట బండి కదిలినప్పుడు
ఒక్క నిమిషం
మేమూ అలాగే అనుకున్నాం.

జనవరి టోర్నమెంటు జాబితాలో చెన్నై ఉంది.
మొదటి ఆట మనతోనే.
నల్లబల్ల కడిగాను. గీత గీశాను.
ఎడమ పక్క మనం.
కుడి పక్కకొచ్చేసరికి సుద్దముక్క ఆగింది.
ఆ జట్టు పేరు రాద్దామా అనిపించింది,
పూర్తి పేరు, పొడుగ్గా.
ఆయన్ని వాళ్ళు అనడానికి చెయ్యి రాలేదు.

వెనక బంతి చప్పుడు ఆగింది.
"వాళ్ళు అనే రాయి మావా," అంది ఎస్తేరు,
"పేరు రాస్తే బెదురుతాం."

రాశాను.
ఆ పిల్ల అప్పటికే రింగు వైపు తిరిగిపోయింది.